చప్పుడు చేయని డిస్క్

సుప్రియ కుర్చీలో రెండు నిమిషాలు కూడా కుదురుగా కూర్చోలేకపోయింది. పాలకొల్లు మెయిన్ రోడ్డులో మందుల షాపు పైనున్న ఆ చిన్న ఆఫీసులో కిటికీ దాకా వెళ్ళింది, మళ్ళీ వెనక్కి వచ్చింది.

"మా అమ్మ పదకొండేళ్ళ కష్టం ఎవరో తుడిచేశారండి," అంది.

డిటెక్టివ్ మీనాకుమారి ఆమెకు మంచినీళ్ళ గ్లాసు అందించింది. "మొదటి నుంచి చెప్పండి."

సహాయకుడు త్రిమూర్తులు నోట్‌బుక్ తెరిచాడు. ఒక్క కేసులోనైనా ఆవిడకంటే ముందు దొంగను పట్టుకోవాలని ఆరేళ్ళుగా అతని ఆశ. అది ఇంతవరకూ తీరలేదు. తీరనందుకు అతనికి బాధా లేదు.

సుప్రియ తల్లి మాణిక్యాంబ భీమవరంలో జువాలజీ లెక్చరర్‌గా చేసి రిటైరైంది. అప్పటి నుంచి కాలవల్లో, పొలాల నీళ్ళు పోయే డ్రైన్లలో దొరికే చేపలన్నిటినీ ఫోటోలు తీస్తూ పుస్తకం రాస్తోంది. వాటిలో కొన్ని చేపలు ఇప్పుడు కనబడటమే లేదు. పోయిన వారం ఆవిడ ల్యాప్‌టాప్‌లోని హార్డ్ డిస్క్ టక్ టక్‌మని కొట్టుకోవడం మొదలైంది. ఫోటోలు కాపీ చేయబోతే మధ్యలోనే ఆగిపోయింది. ఆదివారం సుప్రియ భర్త శాంతికుమార్ దాన్ని విప్పి కొత్త డిస్క్ వేశాడు. పాతదాన్ని కవర్లో పెట్టి అత్తగారి సొరుగులో ఉంచాడు. హైదరాబాదులో పాడైన డిస్క్‌ల నుంచి ఫైళ్ళు తీసే ల్యాబ్‌కు తనే పంపిస్తానన్నాడు.

"నిన్న ఆగలేక నేనే కేబుల్ పెట్టి చూశానండి. వెంటనే తెరుచుకుంది. కిక్కురుమనలేదు. లోపల ఒక్క ఫైలూ లేదు."

"మధ్యలో ఇంటికి ఎవరైనా వచ్చారా?"

"సోమవారం హరిబాబు వచ్చాడు. అమ్మ దగ్గర చదువుకుని లెక్చరరయ్యాడు. ఆ ఫోటోలు ఇమ్మని రెండుసార్లు అడిగాడు, అమ్మ ఇవ్వలేదు. అమ్మ టీ పెడుతుంటే పది నిమిషాలు ఆ గదిలో ఒక్కడే ఉన్నాడండి."

త్రిమూర్తులు ఆ పేరు కింద రెండు గీతలు గీశాడు.

భీమవరంలోని ఇంటికి వాళ్ళు ముగ్గురూ వెళ్ళేసరికి మాణిక్యాంబ హాల్లోంచి వరండాలోకి, వరండాలోంచి హాల్లోకి తిరుగుతోంది. మీనాకుమారి కవర్లోంచి డిస్క్ తీసి దాని మీది చీటీ చదివింది.

"ల్యాప్‌టాప్ ఎప్పుడు కొన్నారమ్మా?"

"నేను రిటైరైన ఏడాది. రెండు వేల పదిహేను."

"మధ్యలో ఎప్పుడైనా డిస్క్ మార్పించారా?"

"అసలు మూతే విప్పలేదు."

డిస్క్ తయారైన తేదీ రాసుకోమని మీనాకుమారి త్రిమూర్తులుకు చూపించింది. '2019 మార్చి' అని అతను బుద్ధిగా రాసుకున్నాడు.

"డిస్క్ తీసేసిన సంగతి హరిబాబుగారికి ముందే తెలుసా?"

"లేదమ్మా. వచ్చాకే చెప్పాను."

శాంతికుమార్ ల్యాప్‌టాప్ విప్పింది భోజనాల బల్ల మీద. బల్ల కింద కొత్త ప్లాస్టిక్ చాప పరిచి ఉంది. గచ్చు జారుతోందని అల్లుడు ఆదివారమే తెచ్చాడట. మీనాకుమారి చాప అంచు పైకెత్తి చూసింది. ఒక టైలు మూల చిట్లి, చిన్న తెల్లటి మచ్చ కనిపించింది. మళ్ళీ చాప సర్దేసింది.

"పని ఎంతసేపు పట్టింది?"

"మేము పెళ్ళికి వెళ్ళి మూడు గంటల తర్వాత వచ్చాం. అప్పటికింకా చేస్తూనే ఉన్నాడు. మధ్యలో ఆఫీసుకి వెళ్ళొచ్చాడట," అంది సుప్రియ. శాంతికుమార్ రొయ్యల మేత కంపెనీలో కంప్యూటర్లు చూసుకుంటాడు.

మీనాకుమారి పిలిపిస్తే సాయంత్రం అయిదింటికి హరిబాబు, శాంతికుమార్‌లతో సహా అందరూ హాల్లో చేరారు. హరిబాబు మొహం ఎర్రబడి ఉంది. "నేను దొంగనా మేడమ్?" అన్నాడు మాణిక్యాంబతో. ఆవిడ తల తిప్పుకుంది.

"కాదు," అంది మీనాకుమారి. "అసలు ఫోటోలు ఎవరూ తుడవలేదు. టక్ టక్‌మని కొట్టుకుని ఆగిపోయే డిస్క్ నాలుగు రోజుల్లో బాగుపడదు. పైగా ఇది తయారైంది రెండు వేల పంతొమ్మిదిలో. అంతకు నాలుగేళ్ళ ముందు కొన్న ల్యాప్‌టాప్‌లో ఇది ఉండే అవకాశం లేదు. ఇది వేరే డిస్క్."

త్రిమూర్తులు తన నోట్‌బుక్ వైపు చూసుకుని నాలుక కరుచుకున్నాడు.

"హరిబాబుగారికి డిస్క్ తీశారన్న సంగతే ఇక్కడికి వచ్చేదాకా తెలియదు. మార్చడానికి ఇంకొకటి జేబులో పెట్టుకుని రాలేరు. పాతదాన్ని చూసినవారు, అలాంటిదే తేగలిగినవారు ఒక్కరే. అరగంట పనికి మూడు గంటలు పట్టింది. మధ్యలో ఆఫీసుకు వెళ్ళారు. అక్కడ పాత ల్యాప్‌టాప్‌ల డిస్క్‌లు ఉంటాయి. వస్తూ వస్తూ ఒక చాప కొన్నారు, పగిలిన టైలు కనబడకుండా." ఆమె గొంతు తగ్గించింది. "చేతిలోంచి జారిపడింది కదూ, శాంతికుమార్ గారూ?"

శాంతికుమార్ అత్తగారి వైపు తిరిగాడు.

"స్క్రూ విప్పుతుంటే జారింది, అంచు సొట్టపోయింది అత్తయ్యగారూ. ఈ ఇంట్లో అందరూ నాకు అన్నీ తెలుసంటారు. నేనే పాడుచేశానని చెప్పలేకపోయాను. ల్యాబ్‌లో ఏమీ రాలేదని చెప్పేద్దామనుకున్నాను."

"ఒక్క మాట చెప్పు," అంది మాణిక్యాంబ. "పారేశావా?"

"లేదండి. పారెయ్యడానికి చెయ్యి రాలేదు. బండి డిక్కీలో ఉంది."

"పడ్డాక దానికి కరెంటు ఇచ్చారా?" అడిగింది మీనాకుమారి.

"లేదండి. నిజంగానే పోయిందని తెలుస్తుందేమోనని భయమేసింది."

"అయితే ఆశ ఉంది. ఆగి ఉన్న డిస్క్ పడినా ఒక్కోసారి బతుకుతుంది. పడ్డాక తిప్పి ఉంటే లోపల గీతలు పడి పూర్తిగా పోయేది."

అతను చేతిరుమాలులో చుట్టిన డిస్క్ తెచ్చి అత్తగారి చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని ఒళ్ళో ఉంచుకుని రుమాలు మళ్ళీ జాగ్రత్తగా చుట్టింది. తర్వాత లేచి హరిబాబు ముందు నిలబడింది.

"నిన్ను అనుమానించాను హరీ. తప్పు నాది."

పన్నెండో రోజున ల్యాబ్ నుంచి ఫోను వచ్చింది. నాలుగింట మూడు వంతుల ఫోటోలు దక్కాయి. రెండేళ్ళవి మొత్తం పోయాయి. ఆ ఆదివారం శాంతికుమార్ అత్తగారిని బండి మీద కూర్చోబెట్టుకుని డ్రైను గట్టుకు తీసుకెళ్ళాడు. హరిబాబు అప్పటికే వలవాళ్ళను పిలిపించి ఉంచాడు. పోయిన ఫోటోల్లో మాత్రమే ఉన్న పదకొండు రకాల చేపల్లో నాలుగు ఆ రోజు మళ్ళీ దొరికాయి. మిగతా ఏడూ ఆ తర్వాత ఎంత వెతికినా కనబడలేదు.

ఆ ఏడు చేపల పేజీల్లో చేప పేరు మాత్రమే వేసి, బొమ్మ ఉండాల్సిన చోటు ఖాళీగా వదలమని మాణిక్యాంబ ప్రింటరుకు చెప్పింది. పుస్తకం అచ్చయ్యాక కూడా శాంతికుమార్ ప్రతి ఆదివారం కెమెరా పట్టుకుని ఆ గట్టుకు వెళ్తూనే ఉన్నాడు.