అవ్వ లెక్కలో రెండు మెతుకులు

రొయ్యల కంపెనీ బస్సు పొద్దున ఐదున్నరకే జువ్వలదిన్నె సెంటర్‌కి వచ్చేస్తుంది. రేవతి అన్నం డబ్బా సంచిలో పడేసుకుని, నిద్రలో ఉన్న కూతురి నుదుటి మీద ఒకసారి చెయ్యి వేసి, గడప దాటబోయింది. తిరిగొచ్చేసరికి పాప మళ్లీ నిద్రలోనే ఉంటుంది. లారీ తోలే మొగుడు మాల్యాద్రి ఇంటి మొహం చూసేది పదిహేను రోజులకోసారి. ఇక ఇంట్లో మిగిలింది ముగ్గురు ఆడవాళ్లు, ఎవరి పాటికి వాళ్లు.

"అత్తా, పాపకి రెండు ఇడ్లీలే. మధ్యాహ్నం ఫోన్ చేస్తా, ఏం తినిందో చెప్పు. యాప్‌లో ఎక్కించాల."

"చెప్తాలే అమ్మే. పో, బస్సు పోతాది," అంది పొయ్యి దగ్గరున్న నాగులమ్మ.

ఏడేళ్ల వెన్నెల వయసుకి మించి బరువెక్కింది. ఇట్లాగే పెరిగితే చిన్నతనంలోనే షుగర్ రావచ్చని డాక్టరు గట్టిగానే చెప్పాడు. నర్సు ఎస్తేరమ్మ రేవతి ఫోన్‌లో ఒక యాప్ వేసిచ్చింది. పాప ఏం తిన్నది, ఎంతసేపు ఆడింది, ఎవరితో కూర్చుని తిన్నది. రోజూ ఈ మూడు ప్రశ్నలకి జవాబులిస్తే, ఏం పెట్టాలో అదే చెబుతుంది.

అయితే మన వైపు బిడ్డ ఎంత తిన్నదని అడిగితే నిజం చెప్పే అవ్వ ఇంకా పుట్టలేదు. చెబితే దిష్టి తగలదూ! నాలుగు ఇడ్లీలు మింగినా "ఏం తినిందిలే, రెండు మెతుకులు" అనాల్సిందే. నాగులమ్మ రోజూ అదే అంది. రేవతి కంపెనీ గేటు పక్కన నిలబడి రోజూ అదే ఎక్కించింది. మూడో ప్రశ్న దగ్గర ఆలోచించేదే కాదు. అన్నిటికంటే పైనున్న 'అమ్మతో' అన్నది నొక్కేసి, తన డబ్బా ముందు తను ఒక్కతే కూర్చునేది.

పది రోజులకి యాప్ కంగారుపడింది. పాప చాలా తక్కువ తింటోంది, గుడ్డూ వేరుశనగపప్పూ చేర్చండి అంది.

"చూసినావా! బిడ్డ ఎండిపోతా ఉందని నీ ఫోనే చెప్తా ఉంది!" నాగులమ్మ సంబరానికి హద్దు లేదు. ఒక గుడ్డేం సరిపోతుందని రెండు పెట్టింది.

నెల తిరిగింది. రేవతి సెలవు పెట్టి పాపని ఆసుపత్రికి తీసుకుపోతే, కాటా మీద మరో రెండు కిలోలు. ఇంట్లో అడుగుపెడుతూనే అత్త మీద విరుచుకుపడింది.

"నిజం చెప్పు అత్తా! రోజూ ఎంత పెట్టినావు?"

"నాలుగు ఇడ్లీలు. ఒక్కోరోజు ఐదు. బిడ్డ ముద్దలు ఎవురన్నా లెక్కబెడతారా?"

"అబద్ధం చెప్పి నా బిడ్డని రోగిష్టిదాన్ని చేస్తావా?"

నాగులమ్మ చేతిలో చెంబు కింద పెట్టింది. "బడి నుంచి వచ్చినాక దాంతో ఎవురు మాట్లాడతారమ్మే? లావుగా ఉందని పిల్లోళ్లు ఆటకి పిలవరు. నువ్వుండవు, వాళ్ల నాయనుండడు. ముద్ద పెట్టినంతసేపే అది నా ఒళ్లో కూర్చుంటాది. అయిపోతే పోయి గోడకి ఆనుకుంటాది. అందుకే ఇంకో ముద్ద కలుపుతా. నాకు మాత్రం ఎవురుండారు?"

రేవతి మళ్లీ అందుకోబోయింది. ఈలోపు మంచం మీదున్న వెన్నెల, తల్లి ఫోన్ తీసుకుని, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదవసాగింది.

"సోమవారం... అమ్మతో. మంగళవారం... అమ్మతో. బుధవారం... అమ్మతో." తలెత్తి చూసింది. "అమ్మా, నువ్వెప్పుడు తిన్నావు నాతో?"

పాపం, ఆ పిల్ల నిజంగానే గుర్తు తెచ్చుకోవాలని చూస్తోంది.

రేవతి ఉన్నచోటే కూలబడి భోరుమంది. రెండు మెతుకుల అబద్ధానికి అత్త మీద అంత ఎగిరిందే, నెల రోజులుగా తను నొక్కిందేమిటి? నాగులమ్మ వచ్చి పక్కన కూర్చుని, కొంగుతో కోడలి మొహం తుడిచింది.

"ఊరుకో అమ్మే. ఇద్దరం దొంగలమే."

మర్నాడు ఐదింటికల్లా వెన్నెలని లేపి మొహం కడిగారు. ఆవులిస్తూనే వచ్చి ఇద్దరి మధ్యా చతికిలబడింది. మూడు పళ్లేలు పెట్టారు. నాగులమ్మ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పైకి లెక్కబెట్టింది. "ఒకటి... రెండు. ఇంక చాలు." వెంటనే భయమేసి, గుప్పెడు ఉప్పు తీసి మనవరాలి చుట్టూ మూడుసార్లు తిప్పేసింది.

"ఇక మీద పాపా నువ్వూ నాతో బస్సు దాకా నడిచి రండి అత్తా," అంది రేవతి, ఫోన్ తీస్తూ. "రెండు ఇడ్లీలు" అని ఎక్కించింది. మూడో ప్రశ్న వచ్చింది. ఆమె వేలు ఆగిపోయింది.

వెన్నెల చట్నీ వేలు గౌనుకి తుడుచుకుని, తల్లి మీద ఒరిగి, 'అమ్మతో' అన్నది తనే నొక్కింది.