మూడు లైట్ బీర్లు

సోమవారం పొద్దున్న పదింటికి నోరీన్ పాస్కో డిటెక్టివ్ ఎల్విన్ కార్మొడీ ఆఫీసుకి వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. యాభై ఆరేళ్ల మనిషి, పిట్టంత ఉంటుంది. వారానికి మూడు రోజులు కిడ్నీ రోగుల్ని వ్యానులో ఎక్కించుకుని తొంభై కిలోమీటర్ల అవతల ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లి, తిరిగి ఇళ్ల దగ్గర దింపడం ఆమె ఉద్యోగం.

"గురువారం కోర్టు. తాగి కారు నడిపానని కేసు. లైసెన్సు పోతే వ్యాను పోతుంది. మా ఆయన పోయాక నాకు మిగిలింది ఆ వ్యానే. లాయరు మిమ్మల్ని కలవమన్నాడు."

"ఊపిరి పరీక్షలో ఎంత వచ్చింది?"

"సున్నా పాయింట్ సున్నా ఎనిమిది నాలుగు. హద్దు సున్నా ఐదట. నేను తాగింది మత్తు తక్కువుండే లైట్ బీర్లు, మూడేనండీ! శనివారం రెండున్నర నుంచి ఐదున్నర దాకా, మూడంటే మూడు."

కార్మొడీ పూర్వం బీమా కంపెనీల తరఫున ప్రమాదాలు విచారించేవాడు. మనుషులు చెప్పే మాటలకన్నా వాళ్లు ఆగే చోట్లు ఆయనకు ఎక్కువ వినిపిస్తాయని, ఆరేళ్లుగా ఆయన దగ్గర పనిచేస్తున్న ట్రిష్ నమ్మకం. అందుకే ఆమె ఏదీ వదలకుండా రాసుకుంటుంది.

"ఎవరెవరున్నారు?"

"పచ్చిక మీద బంతులు దొర్లించే బౌల్స్ ఆటలో మా జట్టు నలుగురం. మా మరిది క్లైవ్, నా స్నేహితురాలు గ్వెండా, ఎర్ల్ బిర్చ్. ఒక్కో వంతు ఒక్కొక్కరు నలుగురికీ కొనడం మా అలవాటు. నా వంతులో నాకు నిమ్మసోడా తెచ్చుకున్నాను. మిగతా మూడు వంతులూ వాళ్లు తెచ్చారు."

"డబ్బా మీద పేరు చూశారా?"

"ఎక్కడ కనబడుతుంది? చల్లదనం పోకుండా రబ్బరు తొడుగులుంటాయిగా, ఎవరిది వాళ్లకే. వంతు ఎవరిదైతే వాళ్లు నాలుగు తొడుగులూ పట్టుకెళ్లి, డబ్బాలు దూర్చి తెస్తారు. నేను లైట్ తప్ప తాగనని ఊరంతటికీ తెలుసు."

"పోలీసుతో ఏమన్నారు?"

"వంతెన దగ్గర ఆపాడు. ఎంత తాగారు అన్నాడు. అనుకున్నదానికన్నా ఎక్కువే అయ్యుంటుంది అన్నాను. తర్వాత గొట్టంలో ఊదమన్నాడు, ఊదాను." అప్పుడు కూర్చుంది. "నేను అబద్ధం ఆడడం లేదు."

"ఆడుతున్నారని నేననలేదు," అన్నాడు కార్మొడీ.

మంగళవారం కార్మొడీ, ట్రిష్ బౌల్స్ క్లబ్బుకి వెళ్లారు. బయట పచ్చిక మీద ఎవరో రోలరు లాగుతున్నారు. బారు చూసే అతను ఫ్రిజ్ తలుపు తీసి చూపించాడు. కింది అరలో లైట్ బీరు ఆరు డబ్బాల కట్ట ఉంది. చుట్టూ ప్లాస్టిక్ తెగలేదు.

"ఇది ఎప్పటిది?"

"పోయిన నెల తెచ్చాను. నోరీన్ కోసమే. ఇక్కడ ఇంకెవరు తాగుతారు ఆ నీళ్లు? పాపం, మొగుడు పోయాక శనివారమే మొదటిసారి వచ్చింది."

"ఇది కాక వేరే లైట్ ఉందా?"

"లేదు."

"శనివారం ఎవరైనా లైట్ అడిగారా?"

అతను కాసేపు గ్లాసు తుడిచాడు. "ఆ రోజు బారు దగ్గర మూడు వరసల జనం. ఎవడేం అడిగాడో నాకెలా గుర్తుంటుంది?"

క్లైవ్‌ని గారేజీలో కలిశారు. లావుపాటి మనిషి, నవ్వితే భుజాలు కదులుతాయి. "వదినకి లైటే ఇచ్చాను. వేరేది ఎందుకిస్తాను?" అన్నాడు. గ్వెండా తలుపు దగ్గరే నిలబెట్టి మాట్లాడింది. "నన్నే అనుమానిస్తారా? దాని పెళ్లికి కేకు చేసింది నేను!" ఎర్ల్ మాత్రం, "ఒక్క డబ్బాతో ఎవరికీ ఏం కాదులెండి," అని ఊరుకున్నాడు.

కారులో ట్రిష్ అంది, "ఎర్ల్ జవాబు దాటేశాడు బాస్. అతనే."

"అతను నిజమే చెప్పాడు. ఒక్క డబ్బాతో ఏం కాదు," అన్నాడు కార్మొడీ. "కష్టం అక్కడే వచ్చింది."

బుధవారం మధ్యాహ్నం నలుగురినీ క్లబ్బు వెనక గదిలో కూర్చోబెట్టాడు. బల్ల మీద టీ కెటిల్, బిస్కెట్లు. ఎవరూ ముట్టుకోలేదు.

"నోరీన్ గారి బరువుకి, మూడు గంటల్లో మూడు లైట్ తాగితే సున్నా మూడు దాటదు. ఒకటి మామూలు బీరైతే సున్నా ఐదు లోపే. రెండైతే ఏడు లోపే. మూడూ మామూలువైతే తప్ప ఎనిమిది రాదు. లెక్క తప్పొచ్చు, ఫ్రిజ్‌లో కట్ట అబద్ధం చెప్పదు. దాని ప్లాస్టిక్ తెగలేదు. శనివారం ఈ క్లబ్బులో ఒక్క లైట్ కూడా అమ్ముడుపోలేదు. ముగ్గురు మూడు వంతులు తెచ్చారు. ముగ్గురూ ఆమెకి మామూలు బీరే ఇచ్చారు."

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ చూపుల్లో భయం కన్నా ఆశ్చర్యమే ఎక్కువగా ఉందని ట్రిష్ గమనించింది. ప్రతి ఒక్కరూ నాలుగు రోజులుగా ఒక్క డబ్బా తప్పునే మోస్తున్నారు. ఆ ఒక్కదానితో ఇంత జరగదు కాబట్టి, మిగతాది నోరీనే చాటుగా తాగి ఉంటుందని లోపల తీర్పు చెప్పేసుకున్నారు.

ముందు క్లైవ్ నోరు విప్పాడు. "అన్నయ్య పోయాక వదిన నవ్వడం నేను చూడలేదు. ఒక్కటేగా, కాస్త హుషారొస్తుందనుకున్నా."

"నువ్వూనా!" అంది గ్వెండా. "నేనూ ఒక్కటే అనుకున్నానురా దరిద్రుడా!"

ఎర్ల్ చెవులు ఎర్రబడ్డాయి. "నాకు అంత మంచి ఉద్దేశం కూడా లేదు. వెనక ముప్ఫైమంది నిలబడి ఉన్నారు. వాళ్ల ముందు లైట్ అడగడానికి సిగ్గేసింది. నాకనుకుంటారు కదా."

"చెప్పకుండా ఘాటైన మందు ఇవ్వడం కూడా నేరమే," అన్నాడు కార్మొడీ. "జరిగింది ఇదేనని ఈ కాగితం మీద సంతకాలు పెడితే మీ మీద కేసు రావచ్చు. పెడితే, ఆమె నిజంగా పొరబడిందని లాయరు వాదించగలడు. కేసు కొట్టేసే అవకాశం ఉంది."

గ్వెండా కాగితం లాక్కుని సంతకం పెట్టింది. ఎర్ల్ పెట్టాడు. క్లైవ్ పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు, తర్వాత పెట్టాడు.

ట్రిష్ కాగితాలు సర్దబోయింది. కార్మొడీ చెయ్యి అడ్డం పెట్టాడు.

"నోరీన్ గారూ, అనుకున్నదానికన్నా ఎక్కువే అయ్యుంటుందని పోలీసుతో అన్నారు. అప్పటికి మీరింకా గొట్టంలో ఊదలేదు. మూడు లైట్ తాగానని నమ్మే మనిషి అలా అనదు."



"మొదటి రెండూ తెలీలేదు," అంది నోరీన్. "ముక్కు దిబ్బడ, పైగా ఆట మీద ధ్యాస. మూడోది తెలిసింది. మొదటి గుక్కకే తెలిసింది."

"నోరు ముయ్యవే!" అంది గ్వెండా. "ఎవరికి తెలుసని? మేం సంతకాలు పెట్టాం కదా!"

"కాళ్లు వెచ్చబడ్డాయి. క్లైవ్ ఏదో వెధవ జోకు వేస్తే నవ్వొచ్చింది. కింద పెట్టబుద్ధి కాలేదు. తర్వాత తాళాలు తీసుకున్నాను. చేసేది తప్పని తెలిసే తీసుకున్నాను."

కార్మొడీ మెల్లగా అన్నాడు. "ఇది కోర్టులో చెబితే పొరపాటు వాదన నిలవదు. ఆరు నెలలు లైసెన్సు పోతుంది. వ్యాను వేరే వాళ్లకిస్తారు. చెప్పకపోతే బహుశా గెలుస్తారు. కానీ అబద్ధమని తెలిసి ఈ కాగితాలు లాయరుకి పంపలేను. కావాలంటే ఆయన దగ్గరికి మీరే పట్టుకెళ్లవచ్చు."

క్లైవ్ తల పైకెత్తలేదు. "వదినా, వ్యాను గురించి ఆలోచించు."

"అదే ఆలోచిస్తున్నా. వెనక ఐదుగురు కూర్చుంటారు. నేను నడుపుతున్నానంటే నిద్రపోతారు." నోరీన్ ట్రిష్ వైపు తిరిగింది. "మొదటి రెండూ వీళ్లవని రాయమ్మా. మూడోది నాదని రాయి."

ట్రిష్ కార్మొడీ వైపు చూసింది. ఆయన అడ్డం పెట్టిన చెయ్యి తీశాడు. ఆమె కొత్త కాగితం తీసి, పైన తేదీ వేసి, రాయడం మొదలుపెట్టింది.