పెదనాన్న చూపించని అంకె

"అంటే, నువ్వు బోటుకి కొత్త ఇంజను కొన్నావు కాబట్టి నన్ను జమైకా పంపించేస్తారు. అంతేనా?"

షెర్నెట్ నడుం మీద చెయ్యి వేసుకుని అడిగిందంటే జవాబు చెప్పడం కంటే తుఫానులో బోటు తోలడం తేలిక. నేను వంటింటి బల్ల మీద పరిచిన కాగితాలకేసి చూస్తూ కూర్చున్నాను.

"పంపించేస్తారని లాయరమ్మ అనలేదు. గ్రీన్‌కార్డు రావాలంటే భార్యని పోషించగలనని కాగితం మీద కనపడాలట. నా ఆదాయం చాలట్లేదంది."

"పోయిన వేసవంతా లాబ్‌స్టర్లు పట్టావుగా! ఆ కంపు ఇంకా మన కర్టెన్లకి ఉంది."

"పట్టాను. కానీ ఇంజను ఖర్చు, బోనుల ఖర్చు, ఎర ఖర్చు అన్నీ చూపించి టాక్సు తగ్గించుకున్నాను. ఈ రేవులో అందరూ చేసేదే. చివరికి మిగిలిందని రాసింది ఇదిగో, ఇంతే."

ఆ కాగితం లాక్కుని చూసింది. పళ్ళ సందులోంచి "త్స్‌స్" అంది. వాళ్ళ దేశంలో ఆ చప్పుడికి చాలా అర్థాలున్నాయి. మొగుడికి అనుకూలమైంది ఒక్కటీ లేదు.

"ఎజ్రా, దీంతో పిల్లిని కూడా పోషించలేవు."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. కాగితాన్ని మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది. అది చూశాక నా నవ్వు కూడా ఆగిపోయింది. గ్రీన్‌కార్డు ఆఫీసులో ఇంటర్వ్యూకి ఇంకా మూడు వారాలే ఉంది.

మొదటిసారి చూసినప్పుడు కూడా షెర్నెట్ నా మీద మండిపడుతూనే ఉంది. ఆమె పనిచేసే హోటల్‌కి సరుకు దించడానికి వెళ్ళి, వంటింటి వెనక తలుపు దగ్గర, అప్పుడే తుడిచిన నేల మీద బురద బూట్లతో నడిచాను. "ఇంకో అడుగు వేశావంటే ఆ లాబ్‌స్టర్లతో పాటు నిన్నూ ఉడకబెడతా" అంది. మర్నాడు బూట్లు బయటే విప్పి వెళ్ళాను. నా మేజోడు చిల్లులోంచి బొటనవేలు తొంగిచూస్తోంది. అది చూసి పగలబడి నవ్వింది. నేను అక్కడే పడిపోయాను, ఇప్పటిదాకా లేవలేదు.

లాయరమ్మ ఒక దారి చెప్పింది. ఆదాయం బాగా ఉన్న ఇంకొకరెవరైనా షెర్నెట్‌కి హామీగా సంతకం పెట్టి, తమ టాక్సు కాగితాలు ఇవ్వాలి.

వినడానికి తేలిగ్గానే ఉంది. కానీ మా రేవులో ఎవడు ఎంత పట్టాడో ఎవడూ చెప్పడు. బోటు మునిగేంత సరుకుతో వచ్చినవాడు కూడా "ఏం లేదబ్బా, ఎర ఖర్చులు కూడా రాలేదు" అంటాడు. అలాంటివాణ్ణి టాక్సు కాగితం ఇమ్మనడమంటే నడిరోడ్డు మీద బట్టలు విప్పమనడమే.

అయినా సిగ్గు విడిచి నా స్నేహితుడు ఆల్టన్‌ని అడిగాను.

"ఒరేయ్, కిడ్నీ కావాలంటే ఇస్తాను, పట్టుకుపో. కాగితం మాత్రం అడక్కు" అన్నాడు.

"మీ పెదనాన్నని అడుగుదాం" అంది షెర్నెట్ ఆ సాయంత్రం, అల్లం టీ నా ముందు పెడుతూ.

మెర్ల్ పెదనాన్న! నాన్న పోయాక, నాన్న బోనులు వేసే చోటు నాదంటే నాదని ఇద్దరం పోట్లాడుకున్నాం. ఆయన నా బోనుల తాళ్ళు కోశాడు, నేను ఆయనవి కోశాను. రెండేళ్ళుగా మాటల్లేవు. అదీకాక, ఊళ్ళోకెల్లా బీదవాణ్ణి నేనేనని ఏడుస్తూ, మోచేతులకి మాసికలు వేసిన చొక్కాతో తిరుగుతాడు.

"ఆయన దగ్గర ఏముంది, మాసికలు తప్ప? నువ్వు రోజూ గుడ్ మార్నింగ్ చెబుతావే, ఒక్కసారైనా పలికాడా?"

"పలకడు. పెద్దవాళ్ళు ఎదురుపడితే చెప్పడం మా పద్ధతి. పలకడం ఆయనిష్టం."

"నేను అడగను."

"సరే" అంది. అంతే. అరిచినా బాగుండేది.

తర్వాతి వారమంతా వాన. నేను బోటు దగ్గర్నించి తడిసి ఇంటికొచ్చేసరికి షెర్నెట్ అలమార ముందు నేల మీద కూర్చుని ఉంది. స్వెట్టర్లు, ఉన్ని కోట్లు మడతపెట్టి ఒక పక్క, పల్చటి బట్టలు ఇంకో పక్క పెడుతోంది.

"ఏం చేస్తున్నావ్?"

"ఈ చలికోట్లు అక్కడ పనికిరావు" అంది తలెత్తకుండా. "ఎవరికైనా ఇచ్చెయ్. నీలం స్వెట్టరు మాత్రం ఎవరికీ ఇవ్వకు. దాన్ని చూస్తే నీకు నేను గుర్తొస్తాను."

ఈదురుగాలిలో ఒంటరిగా చిక్కుకున్నప్పుడు కూడా అంత భయం వెయ్యలేదు. ఆమె లేని వంటిల్లు, ఆమె లేని వాన, "త్స్‌స్" అనేవాళ్ళు లేని ఇల్లు అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు కనిపించాయి. తడి బట్టలతోనే వెనక్కి తిరిగి రేవుకి పరుగెత్తాను.

పెదనాన్న షెడ్డులో కూర్చుని తాళ్ళు అతుకుతున్నాడు.

"పెదనాన్నా!"

తల ఎత్తలేదు. నేను మొత్తం చెప్పేశాను, ఇంజను సంగతీ, హామీ సంగతీ, చలికోట్ల సంగతీ.

"అయిందా?" అన్నాడు.

"అయింది."

"తలుపు వేసి పో. జల్లు కొడుతోంది."

ఆ రాత్రి షెర్నెట్‌కి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

రెండు రోజుల తర్వాత, సాయంత్రం చీకటిపడే వేళ ఎవరో తలుపు తట్టారు. తీస్తే పెదనాన్న. భోజనం డబ్బా చంకలో పెట్టుకుని, నన్ను దాటుకుని తిన్నగా షెర్నెట్ ముందుకెళ్ళి నిలబడ్డాడు. టోపీ తీశాడు.

"గుడ్ మార్నింగ్ అమ్మాయ్" అన్నాడు.

బయట దీపాలు పెట్టారు. అయినా షెర్నెట్ నవ్వలేదు. "గుడ్ మార్నింగ్ పెదనాన్నా" అంది నెమ్మదిగా.

ఆయన డబ్బా తెరిచి అంటించిన కవరు ఒకటి బల్ల మీద పెట్టాడు. "సంతకం పెట్టాను. కాగితాలు ఇందులో ఉన్నాయి. నువ్వు చూడు, మీ లాయరు చూడాలి, ఆ ఆఫీసువాళ్ళు చూడాలి. వీడు మాత్రం చూడకూడదు. వీడు చూస్తే రేవంతా చూసినట్టే."

"మాటిస్తున్నాను" అంది.

"ఎందుకు పెదనాన్నా?" అన్నాను నేను, ఆగలేక.

"ఈ పిల్ల పోతే నువ్వు ఎటో చూస్తూ బోటు తోలతావు. ఏదో ఒకరోజు నీళ్ళలో పడతావు. వెతకడానికి ఎవడు రావాలి? నేనేగా! నాకు ఒకరోజు వేట దండగ." టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

షెర్నెట్ కవరు తెరిచి చూసింది. రెండు చేతులతో నోరు మూసుకుంది. మరుక్షణమే కవరుని మళ్ళీ జిగురుతో అంటించేసింది.

"ఎంత?" అన్నాను.

"త్స్‌స్" అంది.

ఇంటర్వ్యూ రోజు వచ్చింది. షెర్నెట్ నా టై ముడి మూడుసార్లు విప్పి కట్టింది, దానికి నా భయం ఒక కారణం, తన భయం ఇంకొకటి. ఆఫీసరు కళ్ళద్దాల పెద్దమనిషి. పెళ్ళి తేదీ అడిగితే నేను నా పుట్టినరోజు చెప్పాను. షెర్నెట్ చెయ్యి బల్ల కింద నా చేతిని పట్టుకుంది.

ఆయన నా టాక్సు కాగితం చూసి పెదవి విరిచాడు. తర్వాత పెదనాన్న కాగితం తీశాడు. కనుబొమలు పైకి లేచాయి. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఈ హామీ ఇచ్చినాయన ఏం చేస్తారు?"

"లాబ్‌స్టర్లు పడతాడండి. పాపం, బీదవాడు" అన్నాను.

"బీదవాడా?"

ఆ గొంతు విని నా మెడ దానంతటదే కాగితం వైపు సాగింది. ఠపీమని షెర్నెట్ అరచెయ్యి ఆఫీసరు ముందున్న కాగితం మీద పడింది.

"చూడకు!"

"ఒక్కసారే!"

"మాటిచ్చాను."

"నేను నీ మొగుణ్ణే!"

"నీకే చూపించనని మాటిచ్చాను! ఇంట్లో కవరు ఆవిరికి పట్టి తెరవబోయావు, నేను చూడలేదనుకున్నావా?"

అప్పుడు గుర్తొచ్చింది ఎక్కడున్నామో. ఇద్దరం బిగుసుకుపోయాం. ఆఫీసరు ఆమె చెయ్యి కేసి, నా మొహం కేసి చూశాడు.

"మీ ఇంట్లో రోజూ ఇంతేనా?"

"రోజూ ఇంతేనండి" అన్నాం ఇద్దరం ఒక్కసారే.

ఆయన కాగితాన్ని ఆమె చేతి కింద నుంచి జాగ్రత్తగా లాగి, బోర్లా పెట్టాడు. "మంజూరు చేస్తున్నాను. కార్డు పోస్టులో వస్తుంది. బాబూ, నువ్వు మాత్రం ఆ అంకె మర్చిపో."

బయట సన్నగా వాన. మెట్ల మీద షెర్నెట్ నా కోటులో మొహం దాచుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. దారిన పోయేవాళ్ళు ఏమనుకున్నారో పట్టించుకోలేదు.

"ఇంటికెళ్ళగానే ఆ స్వెట్టర్లన్నీ మళ్ళీ అలమారలో పెట్టు" అన్నాను.

"నువ్వే పెట్టు. బయటికి తీయించింది నీ ఇంజనే."

"సరే. ఇప్పుడైనా చెప్పు, ఎంత?"

ఆమె కళ్ళు తుడుచుకుంది. బొటనవేలు చూసి నవ్విన నాటి నవ్వే మళ్ళీ నవ్వింది.

"చెప్పను. నేనింక ఎక్కడికీ పోనుగా, అడుగుతూ ఉండు."