మాంసం గదిలో చిక్కుడు మొలకలు

క్లీవ్‌లాండ్‌లో మా పేటవాళ్ళెవర్నైనా అడగండి. చీకటి పడ్డాక ఆ బడిలో మాంసం గది వైపు వెళ్ళొద్దనే చెబుతారు.

ఇప్పుడంటే అది బడి. లెక్కలూ సైన్సూ తప్ప వేరే ధ్యాస లేని సర్కారు బడి. పిల్లల చెవుల్లో పొద్దస్తమానం "కాలేజీ, కాలేజీ" అని ఊదుతూనే ఉంటారు. అంతకుముందు అదొక సూపర్‌మార్కెట్టు. రొట్టెలు అమ్మినచోట ఇప్పుడు లెక్కల క్లాసు. వెనకాల మాంసం దాచే చలిగది మాత్రం, చలి మిషను తీసేసినా, అలాగే ఉండిపోయింది... ఇనప తలుపుతో, ఒక్క కిటికీ కూడా లేకుండా.

మాంసం కొట్టే వాల్ట్ ఒక రాత్రి అందులో ఉండగా తలుపు మూసుకుపోయిందట. అప్పట్లో లోపల్నుంచి తెరిచే గడియ లేదు. ఎవరో చూసుకోక, బయటున్న లైటు స్విచ్చు కూడా ఆపేసి ఇంటికెళ్ళిపోయారు. తెల్లారి తెరిచేసరికి... సరే, అదంతా ఎందుకు లెండి. అప్పట్నుంచీ వాల్ట్‌కి చీకటంటే భయమనీ, ఆ గదిలో లైటు దానంతటదే వెలుగుతుందనీ చెప్పుకుంటారు.

పదకొండో తరగతి మారిబెల్ కింటానా ఇవేవీ నమ్మే రకం కాదు. కానీ ఆమె చిక్కుడు మొలకలు పచ్చబడుతున్నాయి.

ప్రయోగం చిన్నదే. కొన్ని మొలకలు వెలుతుర్లో, కొన్ని ఈ మాంసం గది చీకట్లో. చీకట్లోవి పాలిపోయి పసుప్పచ్చగా ఉండాలి. ఆమె తలుపు తీసినప్పుడల్లా అవి నిగనిగలాడే ఆకుపచ్చగా కనిపిస్తున్నాయి. అప్పటికి మూడు ట్రేలు పోయాయి. శనివారం జిల్లా సైన్సు పోటీ. గెలిస్తే వేసవంతా యూనివర్సిటీ ల్యాబులో పని, దాని కోసం రెండేళ్ళుగా కాచుక్కూచుంది.

"నా మొలకల్తో ఎవడికిరా పని?" అంది ఏడుపు దిగమింగుకుంటూ.

"వాల్ట్ తాతకి," అన్నాడు పక్క బల్ల జెరెల్. "బతికున్నన్నాళ్ళూ మాంసమేగా. పాపం, ఇప్పుడు ఆకుకూర మీద మనసు పోయిందేమో."

"నోరు ముయ్యి."

సైన్సు చెప్పే డొబ్రోవ్‌స్కీ సార్ మరీ అన్యాయం. "తాళంచెవి నా జేబులో ఉంటే లోపలికెవరొస్తారమ్మా? నువ్వే ఎక్కడో పొరపాటు చేసుంటావు," అన్నాడు. మారిబెల్‌కి ఒళ్ళు మండిపోయింది.

నాలుగో ట్రే అప్పుడే తలలెత్తుతోంది. ఇదీ పోతే మళ్ళీ నాటే వ్యవధి లేదు. సోమవారం బడి వదిలేసరికే బయట చీకటి, మంచు. నీళ్ళు పోసొస్తానని సార్ దగ్గర తాళంచెవి తీసుకుని లోపలికెళ్ళింది, వెనకాల తలుపు లాగేసుకుంటే తాళం దానంతటదే పడింది. ఇప్పుడు లోపల్నుంచి తెరిచే గడియ ఉందిలే అని ధైర్యం. ట్రే పక్కన నేల మీద కూచుంది.

చీకటి... కళ్ళు తెరిచినా మూసినా ఒకటే.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత తలుపు అవతల అడుగులు... ఆగాయి. గుసగుసలు. తాళం తిరిగింది —

భళ్ళున వెలుగు.

"అయ్యో దేవుడా!" అని ఒకావిడ కెవ్వున అరిచింది. తెల్ల ల్యాబు కోటుతో, ముఖాన ట్రేలోని మట్టితో మూలన నక్కిన మారిబెల్‌ని చూసి, వచ్చినవాళ్ళంతా ఒకర్నొకరు తోసుకుంటూ వరండాలోకి పరిగెత్తారు. ప్రిన్సిపాల్ హోల్‌బ్రూక్ మేడమ్ ఒక్కతే, తన దగ్గరుండే మారు తాళంచెవితో, గుండె పట్టుకుని నిలబడింది.

"ఇక్కడేం చేస్తున్నావు తల్లీ?"

"మీరేం చేస్తున్నారు మేడమ్?"

"కొత్తగా పిల్లల్ని చేర్పించేవాళ్ళకి బడి చూపిస్తున్నా. సోమవారం సోమవారం నీ ప్రయోగం కూడా చూపిస్తా. ఎంత గొప్పగా చెబుతానో తెలుసా!"

మారిబెల్ తల పట్టుకుంది. "చీకట్లో ఉంచాలి, లైటు వెయ్యొద్దని తలుపు మీద రాసిపెట్టానుగా!"

"అది చదివి వినిపించాకే లైటు వేస్తా."

మూడు ట్రేలు! ఆవిడ మీద గట్టిగా అరుద్దామని నోరు తెరిచింది. అంతలోనే ఆగింది.

"ఎంతసేపు వేస్తారు?"

"రెండు నిమిషాలు. ఆపేది కూడా నేనే."

రెండు నిమిషాల వెలుతురుకి మొలక పచ్చబడదు. గంటల తరబడి కావాలి. చేతికి చిక్కిన దొంగని తన సైన్సే విడిపించినట్టయింది, కోపం తీర్చుకోవడానిక్కూడా లేకుండా పోయింది.

"త్వరగా ఇంటికెళ్ళు. వాళ్ళు పారిపోకముందే పట్టుకోవాలి," అంటూ మేడమ్ హడావిడిగా వెళ్ళింది. తలుపు మూసుకుంది. అలవాటు కొద్దీ కాబోలు, బయట స్విచ్చు కూడా ఆపేసింది. అడుగులు దూరమైపోయాయి.

మారిబెల్ సంచీ కోసం చీకట్లో తడుముకుంటోంది.

లైటు వెలిగింది.

తలుపు మూసే ఉంది. వరండాలో చప్పుడు లేదు. ఆమె గభాలున గడియ తీసి బయటికి చూసింది... ఎవరూ లేరు. స్విచ్చు మాత్రం వేసి ఉంది.

పారిపోవచ్చు. కానీ వెనక్కి చూస్తే బల్బు కింద ఆ పాలిపోయిన మొలకలు, ఆఖరి ట్రే. భయాన్ని మించి ఉక్రోషం తన్నుకొచ్చింది. లోపలికొచ్చి తలుపు ధడాలున వేసింది.

"రెండేళ్ళు!" అంది ఖాళీ గదితో, కళ్ళ నీళ్ళతో. "రెండేళ్ళు కష్టపడ్డాను. నీకు చీకటంటే భయమైతే నా మొలకలేం చేశాయి?"

ఆమె ముక్కు తుడుచుకుంది.

"సరే. శనివారం దాకా రోజూ వచ్చి నీ పక్కన కూచుంటాను. చాలా? ఇక లైటు ఆపు."

ట్రే పక్కన మళ్ళీ నేల మీద కూచుంది.

తర్వాత, మూసిన తలుపుకి అవతల, స్విచ్చు టక్కుమంది.