ఉల్లిగడ్డల తనిఖీ

సాయంత్రంలోగా బాపుకు జవాబు చెప్పాలి. చరణ్‌ను పెళ్లి చేసుకుంటుందా, లేదా?

స్వర్ణ ఆ ఆలోచనలోనే ఉండగా, ఊరికి పోతున్న బస్సు సిద్దిపేట పొలిమేరలో ఆగిపోయింది. తెలంగాణ రాష్ట్రం కోసం దారి ఆపి, నడిరోడ్డు మీద వంటావార్పు చేస్తున్నారు. దిగి చూస్తే, తనలాగే దారిలో చిక్కుకుపోయి, బైకుకు ఆనుకొని చరణే నిలబడి ఉన్నాడు. గుండె ఝల్లుమంది. ముఖం మాత్రం చిట్లించుకుంది.

ఇద్దరూ హైదరాబాద్‌లో విమానాలను తనిఖీ చేసే సర్కారు ఇన్‌స్పెక్టర్లే. ఆమె విమానం కిందికి దూరి, ప్రతి నట్టూ చూసి సంతకం పెట్టాలి. అతను పైలట్ పక్కన కూర్చొని, సరిగా నడుపుతున్నాడో లేదో చూడాలి. జీతం మాత్రం అతనికి మూడింతలు.

"మొఖం గట్ల పెట్టినవేంది?" అన్నాడు చరణ్.

"మూడింతల జీతమొస్తే నా మొఖం గూడ మంచిగుంటది."

"గా జీతం నేను రాసుకున్ననా?"

"లే. కానీ రేపు ఇంట్ల గూడ గిట్లనేనా? నువ్వు కూసునుడు, నేను దూరుడు?"



"ఓ పిల్లా, ఓ పిలగా! గీడ పని చేసినోళ్లకే బువ్వ!" పొయ్యి దగ్గరి నుంచి లచ్చవ్వ కేకేసింది. ఆ వంటకు ఆమే పెద్ద. "పిల్లా, నువ్వు గా గంపల ఉల్లిగడ్డలు కొయ్యి. పిలగా, నువ్వు పప్పుల ఉప్పు చూడు."

స్వర్ణ పకపకా నవ్వింది. "గీడ గూడ నీకు చూసే పనే!"

చరణ్ చెవులు ఎర్రబడ్డాయి. గరిటె లచ్చవ్వకే ఇచ్చేసి వచ్చి, స్వర్ణ చేతిలోని కత్తి అందుకున్నాడు. మొదటి ఉల్లిగడ్డకే కళ్లు ధారకట్టాయి. అప్పుడే చినుకులు కూడా మొదలయ్యాయి.

"ఇడిసిపెట్టు, నీతోని కాదు."

"గంప ఒడిసేదాక లేవ. మీ జీతం పెంచాలని మీటింగుల చెప్పిన, మళ్ల చెప్త. పెంచుడు నా చేతుల లేదు. ఇంటి పని మాత్రం నా చేతులనే ఉన్నది." గొంతు తగ్గించాడు. "నువ్వంటే నాకు పానం, స్వర్ణా."

చుట్టూ జై తెలంగాణ అని ఒకటే హోరు. ఆ మాట ఆమెకొక్కదానికే వినిపించింది.

గంప ఖాళీ అయింది. స్వర్ణ ఒక ముక్క తీసి, విమానం నట్టును చూసినట్టు అటూ ఇటూ తిప్పింది.

"మందంగున్నయ్."

"ఫెయిలా?"

లచ్చవ్వ ఇద్దరి విస్తర్లలో ఒకే గరిటెతో సమంగా పప్పు పోసింది. అప్పుడు స్వర్ణ ఫోన్ తీసి బాపుకు కలిపింది.

"బాపూ, బువ్వ తిని వస్తున్నం."

"వస్తున్నమా? ఎవలెవలు బిడ్డా?"

స్వర్ణ తల వంచుకుంది. చరణ్ ఉల్లి కళ్లతో ఆమెనే చూస్తున్నాడు.

"నేను... నీ అల్లుడు."