అరువు కళ్ళు

స్పీడు అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. స్టూడియో నడుపుతున్నాడు గానీ, ఫొటో ఎడిటింగంతా ఫ్రీ వీడియోలు చూసే నేర్చుకున్నాడు. అదీ రెట్టింపు వేగంతో, మధ్యమధ్యలో దాటేస్తూ. వీడియోలో గురువు గొంతు పిచ్చుకలా కిచకిచమనేది. "సగం చదువుకే ఇంత వచ్చింది, మొత్తం వింటే తలలో పట్టేది కాదు" అని తన మీద తనే జోకేసుకునేవాడు.

ఆ మధ్యాహ్నం ముసురులో తడుస్తూ ఎదురుకొట్టు టైలరక్క వచ్చింది. పోయిన నెల చనిపోయిన తమ్ముడి ఫొటో తెచ్చింది. అందులో అతను కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"ఇంకోటి లేదురా. ఒక్కసారి వాడు నన్ను చూస్తున్నట్టు చెయ్యి."

"చిటికెలో పని అక్కా. టీ తాగి రా."

మూసిన కళ్ళు తెరిపించే పాఠం మొదలు చూశాడు, చివర చూశాడు. మధ్యది షరా మామూలుగా దాటేశాడు. మరి కళ్ళెక్కడివి? చేతికందినవి తనవే. తన ఫొటోలోంచి తెచ్చి అతికించాడు. కొలిచి కుట్టినట్టు సరిపోయాయి.

అక్క ఫ్రేము కట్టిన ఫొటోను గుండెకు హత్తుకుంది. "నన్నే చూస్తున్నాడ్రా!"

ఆమె వెళ్ళాక షట్టరు సగం దించాడు. తడిగోడ వాసన, ప్రింటరు సిరా వాసన. కుర్చీలో వాలి కళ్ళు మూశాడు.

చీకటి కమ్మలేదు.

కుట్టుమిషను కనిపించింది. పైనుంచి... గోడకు కొట్టిన మేకు ఎత్తునుంచి. కింద టైలరక్క వంగి జాకెట్టు కుడుతోంది.

ఉలిక్కిపడి తెరిచాడు. స్టూడియో. మూశాడు... అక్క.

పాఠంలో దాటేసిన ముక్క పెట్టాడు. తొలిసారి మామూలు వేగంతో. గురువు గొంతు ఇంత నింపాదిగా ఉంటుందని ఇన్నాళ్ళూ తెలియదు.

"కళ్ళు మాత్రం... అదే మనిషి ఇంకో ఫొటోలోంచే తీసుకోండి. వేరేవాళ్ళవి... పెట్టకండి."

అక్కకు ఫోన్ కలిపి, కళ్ళు మూశాడు. ఆమె వెనక తలుపులోంచి ఎవరో లోపలికొచ్చారు. గోడ తడుముకుంటూ. ఆ ఫొటోలోలాగే, కళ్ళు మూసుకునే.

"అక్కా... నీ వెనక ఎవరు?"

ఆమె వెనక్కి తిరిగి చూసింది. "ఎవరూ లేర్రా..."

అతను ఆమెను దాటాడు. ఫొటో దగ్గరికి వచ్చాడు. ఇంకా దగ్గరికి... రెండు వేళ్ళు పైకెత్తి, శవానికి రెప్పలు మూసినట్టు, మెల్లగా కిందికి నిమిరాడు.

అంతా నలుపు.

"స్పీడూ..." ఫోనులో అక్క గుసగుస. "వాడు మళ్ళీ కళ్ళు మూసుకున్నాడురా."

స్పీడు కళ్ళు తెరిచాడు. తెరిచాననే అనుకున్నాడు.

ఆ నలుపులో, ఎవరో తన ఫొటోలోంచి కళ్ళు కత్తిరిస్తున్నట్టు, తను ముట్టుకోని మౌసు క్లిక్‌మంది.