ఎడమ అద్దం అంచు

పొద్దున్నే కొట్టు తాళాలు తీసుకుని బయటికొచ్చిన కేశవయ్య కారు దగ్గరే ఆగిపోయాడు. ఎడమ సైడు అద్దం వెనక డొప్పకు వేసిన ఫిల్మ్ అంచున లేచి ఉంది. కడప సందుల్లో ఆటోలు మొదట రాసుకుపోయేది ఆ డొప్పలనే. అందుకే పెయింటు మీద గీతలు పడకుండా, కొత్త కారుకు రెండు వైపులా కంటికి కనిపించని ఫిల్మ్ వేసింది కూతురు నాగశ్రీ. ఎవరి సాయమూ లేకుండా ఆమె చేసిన మొదటి పని అది. వేసి రెండు రోజులే అయింది.

డిగ్రీ చదివిన పిల్ల రాయచోటి రోడ్డులో కార్లకు ఇట్లాంటి ఫిల్మ్‌లు వేసే షాపులో చేరడం మూడు నెలలుగా కేశవయ్యకు మింగుడు పడటం లేదు. ఇప్పుడు మంచి సాకు దొరికింది.

"ఏమే, ఇట్ల రా! ఇదేనా నువ్వు నేర్చిన పని? రెండు దినాలకే ఊడొస్తాండాది!"

నాగశ్రీ వంగి చూసింది. "బాగా అంటుకునేదాకా ముట్టుకోవద్దని చెప్పినా కదా నాయనా. ఎవరన్నా తాకినారా?"

"ఎవరు తాకుతారు? నీకు చేతగాక మా మీద పెడతాండావా?"

"మెల్లగా మాట్లాడండి, పక్కింటోళ్ళు చూస్తాండారు," అంది అనసూయమ్మ గుమ్మంలోంచి.

"చూడనీ!" అంటూ భార్య మాట తోసేసి, షాపు యజమాని హర్షవర్ధన్‌కు ఫోన్ కలిపాడు కేశవయ్య. "రేపటి నుంచి మా పిల్ల పనికి రాదప్పా. దీని పనితో నీ షాపు పేరు కూడా పోతాది."

"కారు తీసుకురాండి సార్, చూస్తా. పని నిజంగా అట్లుంటే నేనూ పెట్టుకోలేను," అన్నాడు హర్షవర్ధన్. ఆ మాట నాగశ్రీకి వినిపించింది. తనే ముందుగా వెళ్ళి కారెక్కి కూర్చుంది.

షాపులో హర్షవర్ధన్ ఎడమ అద్దం దగ్గర కూర్చుని పరీక్షగా చూస్తున్నాడు. కేశవయ్య కుడి అద్దం పక్కన నిలబడి దంచేస్తున్నాడు. "ముప్పై ఏండ్లుగా పట్టుచీరలు అమ్ముతాండా. ఏది మంచి పనో, ఏది కాదో నాకు తెలీదా? నాకే చెప్తాదా ఇది?"

చెబుతూ చెబుతూ ఆయన బొటనవేలి గోరు కుడి డొప్ప అంచును గీకుతోంది. కొట్లోకి ఏ చీర వచ్చినా జరీ అసలుదో కాదో అలా గీకి చూడటం ఆయనకు అలవాటు. ఆ చెయ్యి ఏం చేస్తోందో ఆయనకే తెలియదు.

"నాయనా," అంది నాగశ్రీ. "నీ చెయ్యి చూడు."

కేశవయ్య చూశాడు. గోరు కింద ఫిల్మ్ ఎడమ అద్దం మీద లేచినట్టే లేచింది. నిన్న సాయంత్రం ఎడమ అద్దం పక్కన నిలబడి పక్కింటాయనతో అరగంట మాట్లాడిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. హర్షవర్ధన్ తల తిప్పుకున్నాడు.

"కొట్లోకి ముక్కూమొహం తెలియని ఆమె చీర వాపసు తెస్తే, కూర్చోబెట్టి 'ఏమైందమ్మా' అని అడుగుతావు," అంది నాగశ్రీ. "నన్ను మాత్రం ఒక్క మాట అడగలే. ఫోన్ చేసి నా పని తీసేయించబోయినావు. నా మీద నీకు ఒక్క దినమన్నా నమ్మకం ఉండిందా?"

ఎదురు అరవాలని కేశవయ్య నోరు తెరిచాడు. కుడి డొప్ప మీద లేచిన అంచు మళ్ళీ కంటబడింది. కూతురు ఎప్పుడు తప్పు చేస్తుందా అని తాను మూడు నెలలుగా కాచుకుని ఉన్నాడు. అది తెలిసి ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"పని మంచిదేనప్పా," అన్నాడు హర్షవర్ధన్‌తో. "చెడగొట్టింది నేను. పొద్దున మాట మర్చిపో."

"ఆమె యాడికీ పోదులే సార్," అన్నాడతను.

నాగశ్రీ రెండు ఫిల్మ్‌లూ పీకేసి, సబ్బునీళ్ళ సీసా తీసుకుంది. "నాకింగా కోపం పోలేదు నాయనా."

"ఉండనీమ్మా. నేను ఈడనే ఉంటా."

ఆమె కొత్త ముక్క కత్తిరించి, తడి డొప్ప మీద పరిచి, వంపు దగ్గర వేడిగాలి తగిలిస్తూ మెల్లగా లాగింది. ఆ చేతుల నేర్పును కేశవయ్య మొదటిసారి చూశాడు. కళ్ళు నిండాయి.

"ఆ లైటు ఇట్ల పట్టు," అంది నాగశ్రీ వెనక్కి తిరగకుండానే.

కేశవయ్య దగ్గరకొచ్చి రెండు చేతులతో లైటు పట్టుకున్నాడు. చెంపల మీద నీళ్ళు కారుతున్నా, తుడుచుకోవడానికి ఒక చెయ్యి కూడా తీయలేదు.